ఎస్‌ఎస్‌ఎక్స్ 3: అన్నీ గెలిచిన తరువాత కూడా ఆ కొండ మీదికి ఎందుకు వెళ్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. పాత ప్లేస్టేషన్ 2 ఒకటి మీ చేతికి వచ్చింది. దానితోపాటు దొరికిన ఎస్‌ఎస్‌ఎక్స్ 3 అనే స్నోబోర్డింగ్ గేమ్ (బోర్డు మీద నిలబడి మంచు వాలు మీద జారే ఆట) మొదలుపెట్టి మూడు శిఖరాలూ తెరిచారు, చాలా పోటీల్లో బంగారు పతకాలు కూడా సాధించారు. ఇప్పుడు చేయడానికి ఏమీ మిగల్లేదనిపిస్తోంది. ఇరవై ఏళ్లు దాటినా దీన్ని వదలని ఆటగాళ్లు ఉన్నారంటే అది చిన్ననాటి జ్ఞాపకాల మీది మోజేనా, లేక ఇందులో మీకు ఇంకా కనిపించనిది ఏదైనా ఉందా, ఇది పక్కన పెట్టి 2012లో వచ్చిన ఎస్‌ఎస్‌ఎక్స్‌నో ఇటీవలి స్నోబోర్డింగ్ గేమ్‌నో పట్టుకోవడం మంచిదా అన్నది మీ సందేహం.

జ్ఞాపకాల పాలు కొంత ఉంది, కాదనను. అయితే ఈ శ్రేణిని తొలి గేమ్ నుంచీ ఆడుతూ వస్తున్నవాడిగా నాకు తోచే కారణం వేరు. మీరు పూర్తిచేసినది మెనూల్లో కనిపించే జాబితా. ఈ గేమ్‌లోని లోతంతా ఆ జాబితాకు బయట, ఒకే వాలు మీద వేగానికీ విన్యాసానికీ మధ్య ప్రతి గెంతు దగ్గరా మీరు వేసుకునే లెక్కలో ఉంది. పతకం కోసం ఆడినంత సేపు ఆ లెక్కను ఏదో ఒక రకంగా దాటేయవచ్చు. పతకాలు అయిపోయాకే దాన్ని తీరిగ్గా చూసే అవకాశం వస్తుంది.

ముందుగా కొంచెం నేపథ్యం చెప్పాలి, ఎందుకంటే గేమ్ స్వభావం దానిలోనే ఉంది. కెనడాలోని ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) స్టూడియో తయారుచేసిన తొలి ఎస్‌ఎస్‌ఎక్స్ 2000లో ప్లేస్టేషన్ 2తోపాటే ఉత్తర అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. ఈఏ స్పోర్ట్స్ బిగ్ అనే ముద్రతో, నిజమైన క్రీడల నియమాలను పక్కనపెట్టి క్రీడలోని ఉద్వేగాన్ని మాత్రమే తీసుకునే గేమ్‌ల వరుసలో అది మొదటిది. 2001లో ఎస్‌ఎస్‌ఎక్స్ ట్రిక్కీ, 2003 అక్టోబరులో ఎస్‌ఎస్‌ఎక్స్ 3 వచ్చాయి. మూడవది ప్లేస్టేషన్ 2కు, ఎక్స్‌బాక్స్‌కు, గేమ్‌క్యూబ్‌కు విడుదలైంది. ఈ శ్రేణికి మూలపురుషుడైన స్టీవ్ రెక్ట్‌షాఫ్నర్ స్వయంగా స్నోబోర్డర్. 1990ల మొదట్లో పలువురు ఒకేసారి మంచు వాలు మీద పందెం వేసుకునే బోర్డర్‌క్రాస్ పోటీని రూపొందించిన వారిలో ఆయన ఒకరు. ఆ పోటీ తరువాత పెద్ద క్రీడగా ఎదిగి 2006 టొరీనో శీతాకాల ఒలింపిక్స్‌లో చోటు సంపాదించింది. అంటే భుజాలు రాసుకుంటూ దిగడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి పునాది వేసిన శ్రేణి ఇది. తెలిసి కూడా ఆ నిజాన్ని యథాతథంగా అనుకరించకూడదని నిర్ణయించుకోవడంలోనే దీని బలం ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మామూలు పందెపు గేమ్‌లో విన్యాసం అనేది నష్టం. కారు గాల్లోకి లేస్తే చక్రాలు నేలను పట్టుకోవు కనుక సమయం పోతుంది. విన్యాసాల గేమ్‌లోనేమో వేగం అనేది ఒక సాధనం మాత్రమే, గమ్యం ఎక్కడా ఉండదు. ఎస్‌ఎస్‌ఎక్స్ ఈ రెండింటినీ ఒకే బూస్ట్ మీటర్‌కు కట్టింది. గాల్లో తిరిగి, బోర్డును పట్టుకుని, శుభ్రంగా దిగితే మీటర్ నిండుతుంది. మీటర్‌లో ఉన్నది ఖర్చుపెడితే వేగం వస్తుంది. వేగం ఉంటే తరువాతి గెంతు ఎత్తుగా, దూరంగా పోతుంది. ఎత్తు ఉంటే ఇంకో చుట్టు తిరగడానికి సమయం దొరుకుతుంది. మీటర్ నిండుగా ఉన్నప్పుడే ఊబర్ ట్రిక్కులు, అంటే రైడర్ కాళ్లను బోర్డు నుంచి విడిపించి గాల్లో చేసే అసంభవ విన్యాసాలు, సాధ్యమవుతాయి. కాబట్టి నిండిన మీటర్‌ను ఇప్పుడు వేగం కోసం కరిగించాలా, వచ్చే గెంతులో ఊబర్ కోసం దాచుకోవాలా అన్న ప్రశ్న కొండ పైనుంచి కింది వరకు మీ వెంటే వస్తుంది. పందెంలో దానికి జవాబు ఒకటి, విన్యాసాల పాయింట్ల కోసం పోటీపడే స్లోప్‌స్టైల్‌లో మరొకటి. పందెంలోనే ముందున్నప్పుడు ఒకటి, వెనుకబడినప్పుడు మరొకటి.

ఈ చక్రం ఎంత దయగలదో అంత నిర్దయగలది. ఒక్క గెంతులో అత్యాశకు పోయి సగం చుట్టు మిగిలి ఉండగానే నేలను తాకారనుకోండి, పడిపోవడం వల్ల పోయే క్షణాలకన్నా మీటర్ కరిగిపోవడం పెద్ద దెబ్బ. బూస్ట్ లేకపోతే వేగం లేదు, వేగం లేకపోతే తరువాతి గెంతులో ఎత్తు లేదు, ఎత్తు లేకపోతే మీటర్ నింపుకునే దారి లేదు. చిన్న చిన్న విన్యాసాలతో మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. అందుకే ఈ గేమ్‌లో ఓటమి ఎప్పుడూ అన్యాయంగా అనిపించదు. ఎక్కడ ఆశపడ్డారో, ఏ గెంతు దగ్గర లెక్క తప్పిందో మీకు స్పష్టంగా తెలుస్తుంది. తెలిసిన పొరపాటును వెంటనే దిద్దుకోవచ్చుననే నమ్మకమే మళ్లీ మొదలుపెట్టు అనే బటన్ మీదికి వేలిని తీసుకువెళ్తుంది. ఒక్కో పోటీ కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి ఆ నమ్మకం చల్లారేలోపే మరో ప్రయత్నం మొదలై ఉంటుంది.

గెంతు అనే చిన్న చర్యను కూడా విడదీసి చూడటం అవసరం. జంప్ బటన్ నొక్కిపట్టి ఉంచితే రైడర్ మోకాళ్లు వంచి కూర్చుంటాడు. ఆ స్థితిలో ఎటు తిరగాలో, ముందుకు పల్టీయో వెనుకకు పల్టీయో దిశ బటన్లతో ముందే బిగించి, అంచు దగ్గర వదలాలి. బొంగరానికి తాడు ఎంత చుట్టామన్నది విసరకముందే తేలిపోయినట్లు, ఇక్కడ భ్రమణం ఎంత ఉంటుందన్నది నేల విడవకముందే చాలావరకు నిశ్చయమైపోతుంది. గాల్లో కొంత సవరించుకోవచ్చు కానీ మొదట బిగించనిది తరువాత పూర్తిగా రాదు. అంటే అవతల నేల ఎంత దూరంలో ఉందో కనిపించకముందే పందెం కాయాలి. కొత్త ఆటగాడు అంచు కనిపించాక ఆలోచిస్తాడు. పాతవాడికి ఆ అంచు తరువాత లోయ ఎంత లోతో, ఎన్ని చుట్లకు చోటుందో ముందే తెలుసు కనుక, చాలా వెనుక నుంచే బిగిస్తూ వస్తాడు. ఒకే ట్రాక్ ఇద్దరికీ రెండు వేర్వేరు ట్రాకుల్లా కనిపించడానికి కారణం ఇదే. మీరు గెలిచిన ట్రాకుల్లో కూడా మీకు ఇంకా తెలియని గెంతులు ఉన్నాయని నేను ధైర్యంగా చెప్పగలను.

దీన్ని 1998లో నింటెండో 64కు వచ్చిన 1080 స్నోబోర్డింగ్‌తో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. అందులో కష్టమంతా దిగడంలో ఉంటుంది. బోర్డు కోణం నేల వాలుతో సరిపోలకపోతే రైడర్ తూలిపోతాడు, మంచు బరువు చేతికి తెలుస్తుంది. పేరులో ఉన్న 1080 డిగ్రీల, అంటే మూడు పూర్తి చుట్ల విన్యాసమే అక్కడ శిఖరాగ్రం. అది గొప్ప గేమ్, దాని నిగ్రహం నాకు ఇష్టం కూడా. ఎస్‌ఎస్‌ఎక్స్ మాత్రం అంతకు రెట్టింపు చుట్లను మామూలు విషయంగా చూస్తుంది. అప్పట్లో ఇది శుద్ధ అతిశయోక్తి. ఇప్పుడైతే 2025లో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో జపాన్ రైడర్ హిరోటో ఒగివారా 2340 డిగ్రీలు, అంటే ఆరున్నర చుట్లు, తిరిగి దిగాడు. ఆ అతిశయోక్తి వెంట నిజం ఎంత దూరం వచ్చేసిందో చూడండి.

మూడవ భాగంలో చేరిన మార్పుల్లో చాలామంది గుర్తించకుండా దాటిపోయేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, నేల మీద చేసే బోర్డ్ ప్రెస్. కుడి అనలాగ్ కర్రను కదిపి బోర్డు ముక్కు మీదనో తోక మీదనో బరువు మోపి జారవచ్చు. చూడటానికి అలంకారంలా ఉంటుంది. కానీ ఒక గెంతు నుంచి దిగి తరువాతి గెంతు చేరేవరకు ఈ ప్రెస్‌ను నిలబెట్టుకోగలిగితే కాంబో, అంటే వరుస విన్యాసాల గొలుసు, తెగదు. మధ్యలో గ్రైండ్ చేయడానికి (బోర్డుతో దాని మీద జారడానికి) చెట్టు మానో కంచె కడ్డీయో దొరికితే దాని మీదుగా కూడా గొలుసును కొనసాగించవచ్చు. ట్రిక్కీ వరకు రెండు గెంతుల మధ్యనున్న సమతల మంచు ఊపిరి తీసుకునే చోటు. ఇక్కడ అదే చోటు అత్యంత ప్రమాదకరమైనది, ఎందుకంటే లక్షల పాయింట్లు గాల్లో వేలాడుతుండగా సమతూకం నిలుపుకుంటూ మలుపు కూడా తిప్పాల్సి వస్తుంది. ట్రాక్ మొత్తాన్ని ఒకే గొలుసుగా పూర్తిచేయాలన్న ఆలోచన ఒకసారి మనసులో పడ్డాక, ఏ అంగుళమూ ఖాళీ స్థలంగా కనిపించదు. మీరు బంగారు పతకాలన్నీ ప్రెస్‌ను పెద్దగా వాడకుండానే తెచ్చుకుని ఉంటారని నా అనుమానం. పతకాలకు అది అంతగా అవసరం పడదు.

రెండవ పెద్ద కారణం ఆ కొండ. ట్రిక్కీలో ట్రాకులు ప్రపంచమంతటా చెదిరి ఉండేవి: గరిబాల్డీ, టోక్యో మెగాప్లెక్స్, అలోహా ఐస్ జామ్, అలాస్కా ఇలా దేనికదే ఒక ప్రపంచం. ఎస్‌ఎస్‌ఎక్స్ 3 వాటన్నిటినీ వదులుకుని ఒకే పర్వతం మీద మూడు శిఖరాలను పేర్చింది. కింది శిఖరం మీద వెడల్పాటి దారులు, జెండాలు, జనం, స్నో జామ్ లాంటి, తప్పులను సహించే పందెపు ట్రాక్ ఉంటాయి. రెండవ శిఖరం మీద దారులు ఇరుకవుతాయి, రూత్‌లెస్ రిడ్జ్, ఇంటిమిడేటర్ అన్న పేర్లకు తగ్గట్టుగా అంచులు పదునెక్కుతాయి. మూడవ శిఖరం చేరేసరికి మనిషి చేతి గుర్తులు చాలావరకు మాయమై రాయి, మంచు, గాలి మిగులుతాయి. ప్రతి శిఖరం మీదా పందేలు, స్లోప్‌స్టైల్, బిగ్ ఎయిర్ (పెద్ద గెంతుల పోటీ), సూపర్ పైప్ (సగం గొట్టంలాంటి మంచు గోడల మధ్య పోటీ) పోటీలతోపాటు ప్రత్యర్థితో తలపడే బ్యాక్‌కంట్రీ దారి, అంటే ట్రాకుగా మలచని కొండ వాలు, ఒకటి ఉంది. హ్యాపీనెస్, రూత్‌లెస్, ద థ్రోన్ అనే ఆ మూడు దారులే ఈ గేమ్‌కు ప్రాణం అని నా అభిప్రాయం. నిర్మించిన ట్రాకులో దారి మీకు చూపిస్తారు. బ్యాక్‌కంట్రీలో చూపించినట్లు కనిపించకుండా చూపించారు. ఎడమవైపు గుట్ట మీదుగా పోతే ఏముందో అన్న కుతూహలం ఒక్కోసారి పోటీనే మరిపిస్తుంది.

ఈ ట్రాకులన్నీ ఒకదాని అడుగున మరొకటి కలిసి ఉండటం వల్ల మీ జ్ఞానం ఎక్కడికీ పోదు. ఫ్రీరైడ్‌లో, అంటే పోటీ లేకుండా స్వేచ్ఛగా, తిరుగుతున్నప్పుడు కనిపెట్టిన అడ్డదారి మరుసటి పందెంలో పనికి వస్తుంది. మూడవ శిఖరం కొన నుంచి కొండ అడుగు వరకు ఆగకుండా దిగే ఆల్ పీక్ పోటీలో అదంతా ఒకే దండగా మారుతుంది. ఆ దిగుడు దాదాపు అరగంట పడుతుంది. మధ్యలో లోడింగ్ తెర అడ్డురాకుండా, 32 మెగాబైట్ల ప్రధాన మెమరీ మాత్రమే ఉన్న ప్లేస్టేషన్ 2 మీద, రైడర్ ముందుకు పోతున్నకొద్దీ డిస్కు నుంచి తరువాతి భూభాగాన్ని తెచ్చుకుంటూ 2003లో ఈ పని సాధించారు. సాంకేతికతను మెచ్చుకోవడానికి దీన్ని చెప్పడం లేదు. ఆ నిరంతరత ఆట తీరునే మారుస్తుంది. అయిదు నిమిషాల ట్రాకులో ఒక పతనం అంటే మళ్లీ మొదలుపెట్టడం. అరగంట దిగుడులో, ఇరవయ్యవ నిమిషం దగ్గర పడితే మొదలుపెట్టాలన్న మనసు రాదు. తేరుకుని, మీటర్‌ను మళ్లీ కూడబెట్టుకుని, మిగిలిన దాన్ని కాపాడుకోవడం నేర్చుకోవాలి. ఆ ఓర్పు ఈ గేమ్‌లో మరెక్కడా అడగరు.

శబ్దం గురించి క్లుప్తంగా చెబుతాను. కొండ మీద మోగే రేడియోలో డీజే అటోమికా అనే వ్యాఖ్యాత వాతావరణం, పోటీలు, మీ విజయాల గురించి మాట్లాడుతుంటాడు. కొన్ని గంటల తరువాత ఆయన మాటలు పునరావృతమై విసుగు తెప్పిస్తాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ పెద్ద గెంతులో మీరు గాల్లోకి లేచినప్పుడు పాట అణగారి దూరమైపోవడం, నేలను తాకగానే పూర్తి బలంతో తిరిగి రావడం ఇప్పటికీ నాకు రోమాంచం కలిగిస్తుంది. దానికి ఉపయోగం కూడా ఉంది. ఎంతసేపు గాల్లో ఉన్నారన్నది కంటితోపాటు చెవికి కూడా తెలుస్తుంది.

ఇంత పొగిడాక లోపాలు చెప్పకపోతే మీ అనుభవాన్ని తోసిపుచ్చినట్లవుతుంది, ఎందుకంటే మీకు కలిగిన ఖాళీతనానికి గేమ్ బాధ్యత కూడా ఉంది. రైడర్ సామర్థ్యాలను డబ్బు పెట్టి పెంచుకునే పద్ధతి వల్ల మొదటి గంటల్లో బోర్డు బరువుగా, మొద్దుగా అనిపిస్తుంది. చివరి గంటల్లో అదే రైడర్ ఏ గెంతులోనైనా ఏదైనా చేయగలిగేంత బలవంతుడవుతాడు. ఈ రెండింటి మధ్యనున్న కాలమే అత్యుత్తమం, అది త్వరగా గడిచిపోతుంది. కొండ మీద వెదజల్లిన వస్తువులను ఏరుకోవడం చాలాచోట్ల కాలక్షేపం మాత్రమే. కొన్ని మీకు కొత్త దారులు చూపిస్తాయి, ఎక్కువ భాగం చూపించవు. దుస్తులు, అలంకారాల దుకాణం గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. ప్లేస్టేషన్ 2లో ఆన్‌లైన్ పోటీ ఉండేది, ఆ సర్వర్లు మూతపడి చాలా కాలమైంది. పూర్తిగా బలపడిన రైడర్‌తో కంప్యూటర్ ప్రత్యర్థులను ఎదుర్కోవడంలో పోటీ అన్నది మిగలదు. మీరిప్పుడు సరిగ్గా అక్కడ ఉన్నారు.

అక్కడి నుంచి ముందుకు పోవడానికి నేను చూసిన మార్గం గేమ్ ఇచ్చిన బలాన్ని తిరిగి వదులుకోవడం. కొత్త రైడర్‌ను తీసుకుని సామర్థ్యాలు కొనకుండా మొదటి శిఖరం దాటే ప్రయత్నం చేయండి. స్నో జామ్‌లో ప్రతి గెంతుకు ముందు మీరు ఎన్ని చుట్లు పూర్తిచేయగలరో నిజాయితీగా అంచనా వేసుకోవాల్సి వస్తుంది, బలమైన రైడర్‌తో ఎప్పుడో మరచిపోయిన ఆ లెక్క తిరిగి వస్తుంది. అది చేతికి పట్టాక పందేల్లో ఊబర్ ట్రిక్కులు మానేసి, బూస్ట్‌ను కేవలం వేగానికి వాడి మీ సమయాన్ని తగ్గించుకుంటూ పొండి. మెట్రో సిటీ దీనికి అనువైన ట్రాక్, ఎందుకంటే రాత్రి వెలుగుల మధ్య నగర వీధుల్లోంచి పోయే ఆ దారిలో పై అంతస్తు మార్గాలు, కింది మార్గాలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి. ఎత్తుగా పోవడం ఎప్పుడు లాభమో ఎప్పుడు నష్టమో అక్కడ గడియారం పెట్టుకుని తేల్చుకోవచ్చు. తరువాత స్లోప్‌స్టైల్‌లోకి వెళ్లి ఆర్ అండ్ బి ట్రాకును ఒకే కాంబోగా పూర్తిచేయడం లక్ష్యంగా పెట్టుకోండి. మొదట సగం వరకు వచ్చినా చాలు. ఎక్కడ గొలుసు తెగిందో గుర్తుపెట్టుకుని, ఆ చోటికి ముందున్న గెంతులో ఒక చుట్టు తగ్గించి చూడండి. పెద్ద విన్యాసంకన్నా శుభ్రమైన దిగుడు, దాని వెంట స్థిరమైన ప్రెస్ ఎక్కువ పాయింట్లు తెస్తాయని స్కోరే చెబుతుంది. ఇది కుదిరిన తరువాతే స్టైల్ మైల్, కిక్ డౌట్ ట్రాకుల జోలికి వెళ్లడం మంచిది. సూపర్ పైపులను ఆఖరుకు వదిలేయండి. పర్పెండిక్యులస్ పైప్‌లో గోడ ఎక్కే కోణం కాస్త తేడా వచ్చినా లయ అంతా పోతుంది. అది అందరికీ రుచించే పోటీ కాదు, నాకూ అంతంతమాత్రమే.

తోడు దొరికితే ఇద్దరూ తెర పంచుకుని ఆడండి. సమాన నైపుణ్యం లేని ఇద్దరు ఆడేటప్పుడు అనుభవమున్నవారు సామర్థ్యాలు పెంచని రైడర్‌ను తీసుకుంటే పోటీ చివరి మలుపు వరకు నిలుస్తుంది. మంచును కంటితో చూడని పిల్లలు కూడా రెండు మూడు దిగుళ్లలో దీన్ని పట్టేస్తారు, ఎందుకంటే ఇందులో తెలుసుకోవాల్సింది క్రీడ నియమాలు కాదు, ఎప్పుడు వదలాలన్న సమయజ్ఞానం.

ఇక 2012 ఎస్‌ఎస్‌ఎక్స్ సంగతి. ప్లేస్టేషన్ 3కు, ఎక్స్‌బాక్స్ 360కు వచ్చిన ఆ గేమ్ నాసా ఉపగ్రహాల భూభాగ వివరాలను ఆధారం చేసుకుని ప్రపంచంలోని నిజమైన పర్వత శ్రేణులను మలిచింది. దిగుళ్లు పుష్కలం, నియంత్రణ మెత్తన, గ్లోబల్ ఈవెంట్స్‌లో ఇతరుల స్కోర్లతో పోటీపడే ఆలోచన ఆ కాలానికి చాలా మంచిది. అయితే పడిపోయినప్పుడు కాలాన్ని వెనక్కి తిప్పే సౌకర్యం వల్ల, పైన నేను చెప్పిన నిర్దయ కొంత పలుచబడింది. ఆక్సిజన్ అయిపోవడం, చలి, మంచు చరియలు విరిగిపడటం వంటి ప్రమాదాలను ఒక్కో దిగుడుకు ఒక్కో పరీక్షగా పెట్టిన డెడ్లీ డిసెంట్స్ నాకు అంతగా నచ్చలేదు. మంచు మీద ఎగరడానికి వచ్చినవాణ్ని సామగ్రి చూసుకోమన్నట్లుంటుంది. అనేక పర్వతాలు ఉన్నా, ఎస్‌ఎస్‌ఎక్స్ 3లోని ఒక్క కొండ ఇచ్చే పరిచయం వాటిలో దేనితోనూ ఏర్పడదు. ట్రిక్కీ వేరు సంగతి. ఒక్కొక్క ట్రాకును విడిగా తీసుకుంటే ట్రిక్కీలోవి మరింత విచిత్రంగా, చమత్కారంగా ఉంటాయి, రైడర్ల మధ్య పగలు, స్నేహాలు కూడా అందులోనే రక్తి కడతాయి. మీ ప్లేస్టేషన్ 2కు రెండవ డిస్కు వెతకాలనుకుంటే నా ఓటు దానికే.

యూబీసాఫ్ట్ అన్సీ స్టూడియో 2016లో ఆల్ప్స్ పర్వతాల నేపథ్యంలో తెచ్చిన స్టీప్, 2021లో తెచ్చిన రైడర్స్ రిపబ్లిక్ విశాలమైనవి, అందమైనవి. ఎక్కడైనా నిలబడి ఎటైనా దిగగలిగే స్వేచ్ఛ వాటిలో నిజంగా ఉంది. కానీ ఆ విశాలతలో గెంతుల అమరిక పలుచన. నాలుగు నిమిషాల్లో నలభై నిర్ణయాలు తీసుకునేంత దట్టంగా ఎవరో కూర్చుని మలిచిన వాలు వాటిలో అరుదుగా దొరుకుతుంది. ప్రకృతిలో తిరగడం మీకు ఇష్టమైతే స్టీప్ మంచిదే, నిరంతర ఇంటర్నెట్ అవసరమన్నది గుర్తుంచుకోండి. ఫోనులో ఆడదలిస్తే 2015లో వచ్చిన ఆల్టోస్ అడ్వెంచర్ చాలు. ఒకే వేలితో ఆడే ఆ గేమ్‌లో కూడా వెనుకకు పల్టీ కొట్టి శుభ్రంగా దిగితే వేగం పెరుగుతుంది, వేగం ఉంటే పెద్ద అగాధాలు దాటవచ్చు. అంటే ఎస్‌ఎస్‌ఎక్స్ సూత్రం సారమంతా అంత చిన్న చోటులోనూ ఇమిడింది. అక్కడ దారి ప్రతిసారీ మారుతుంది కనుక కంఠస్థం చేయడం అన్నది ఉండదు, అందుకే దాని ఆకర్షణ విశ్రాంతికి దగ్గరగా ఉంటుంది.

చివరిగా మీ పరికరాల గురించి. ప్లేస్టేషన్ 2ను ఇప్పటి పెద్ద టీవీకి తగిలించి ఆడుతున్నట్లయితే టీవీ సెట్టింగ్‌లలో గేమ్ మోడ్ తప్పక పెట్టండి. పాత సంకేతాన్ని శుద్ధిచేసి చూపించడానికి టీవీ తీసుకునే ఆలస్యం వల్ల, అంచు దగ్గర బటన్ వదిలే సమయం తప్పుతుంది. తప్పు మీ చేతిదని పొరబడే ప్రమాదం ఉంది. అమెరికాలో ఉన్న బంధువుల చేత డిస్కు తెప్పించుకునే ఆలోచన ఉంటే ముందు మీ కన్సోల్ ఏ ప్రాంతానిదో దాని అడుగున చూసుకోండి. పాల్ (యూరప్ వంటి చోట్ల వాడిన టీవీ ప్రమాణం) ప్రాంతపు కన్సోల్‌లో అమెరికా డిస్కు మామూలుగా నడవదు. ఇంట్లో ఎక్స్‌బాక్స్ వన్ గానీ సిరీస్ ఎక్స్ గానీ ఉన్నవారికి ఇంకో దారి ఉంది: తొలి ఎక్స్‌బాక్స్‌కు వచ్చిన ఎస్‌ఎస్‌ఎక్స్ 3ను 2018 నుంచి వాటిలో ఆడే వీలు కల్పించారు, చిత్రం కూడా ఎంతో స్పష్టంగా వస్తుంది. సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవ్ లేదు కాబట్టి అందులో డిజిటల్ ప్రతి మాత్రమే పనికొస్తుంది, అది మీ ప్రాంతపు స్టోర్‌లో దొరుకుతుందో లేదో ముందు చూసుకోండి. పైన చెప్పిన కొత్త రైడర్ ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు మెమరీ కార్డులో వేరే సేవ్‌గా దాచుకోండి. మూడు శిఖరాలూ తెరిచి ఉన్న మీ పాత సేవ్ లేకపోతే ఆల్ పీక్ దిగుడు కోసం మళ్లీ మొదటి నుంచి రావాల్సి ఉంటుంది.